పొదుపు పుస్తకం రాసే అమ్మాయికి ప్రిన్స్‌టన్ ప్రశ్న

ప్రశ్న: నేను ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. విజయవాడలో హాస్టల్లో ఉంటాను. పొద్దున అయిదుకు లేస్తే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లే. అమెరికాలో డిగ్రీ చదవాలని, వీలైతే ప్రిన్స్‌టన్‌కి దరఖాస్తు పెట్టాలని ఉంది. అక్కడ సీటొస్తే డబ్బు గురించి దిగులుండదని మా ఫిజిక్స్ సారు చెప్పారు. అయితే దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. సమాజం పట్ల మన బాధ్యతేమిటో సేవ ద్వారా, పౌర జీవితంలో పాలుపంచుకోవడం ద్వారా తెలుసుకోవాలన్నది మా విశ్వవిద్యాలయం ఎంతోకాలంగా పాటిస్తున్న ఆదర్శం, నీ కథ దానితో ఎక్కడ కలుస్తుంది అని అడిగారు. 250 మాటల్లో రాయాలి. నేను ఏ సేవా చేయలేదు. మా కాలేజీలో ఎన్ఎస్ఎస్ లేదు, గ్రౌండ్ కూడా లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 45 వేలు కడితే అనాథాశ్రమంలో వంద గంటలు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇప్పించి, వ్యాసాలు కూడా తామే రాస్తామన్నారు. నాన్న కట్టేద్దామంటున్నారు.

నేను చేసిందల్లా తొమ్మిదో తరగతి నుంచి అమ్మవాళ్ల పొదుపు సంఘం పుస్తకాలు రాయడమే. హాస్టల్లో చేరాక నెలకోసారి ఇంటికెళ్లినప్పుడు రాస్తున్నాను. కిందటేడు పాత లెక్కలు చూస్తుంటే, ఒక పిన్ని తీసుకున్న 20 వేల అప్పులో 8 వేలు తీర్చేసినా ఏడు నెలల పాటు మొత్తం 20 వేలకూ వడ్డీ కట్టించుకున్నారని తేలింది. రూపాయి వడ్డీ. మీటింగులో చెబితే అందరూ అమ్మనే అన్నారు, ఎందుకంటే అమ్మ లీడరు. ఒక నెల అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. చివరికి ఎక్కువ కట్టినదాన్ని తరవాతి వడ్డీలో మినహాయించారు. ఇలాంటి ఇంటి విషయాలు రాస్తే నవ్వరా?

– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, 45 వేలు కట్టొద్దని నాన్నగారికి ఈ రోజే చెప్పు. నువ్వు రాయాల్సింది నీ ఉత్తరం చివరి ఏడెనిమిది వాక్యాల్లోనే ఉంది. అక్కడికి రాగానే నువ్వు గొంతు తగ్గించేశావు. వ్యాసంలో గొంతు పెంచాల్సింది సరిగ్గా అక్కడే. ఎలాగో వివరంగా చెబుతాం.

ముందు ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకో. ప్రిన్స్‌టన్ 1746లో కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ పేరుతో మొదలైంది. 1896లో 150 ఏళ్ల పండగ చేసుకుని, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. ఆ సభలో వుడ్రో విల్సన్ అనే ప్రొఫెసరు ‘దేశసేవలో ప్రిన్స్‌టన్’ అన్న పేరుతో ప్రసంగించాడు. అదే నానుడిగా నిలిచిపోయింది. వందేళ్ల తరవాత, 1996లో, అప్పటి అధ్యక్షుడు హెరాల్డ్ షపీరో దానికి ‘అన్ని దేశాల సేవలో’ అని కలిపాడు. 2016లో మళ్లీ మార్చి ‘దేశసేవలో, మానవాళి సేవలో’ అన్నారు. ఈ మార్పు సూచించింది 1976లో అక్కడ చదువు ముగించుకున్న సోనియా సొటొమయోర్, ఇప్పుడు అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తి. మొదటి మాట చెప్పిన విల్సన్ సంగతి కూడా ఉంది. ఆయన ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు నల్లజాతి విద్యార్థులను దరఖాస్తు చేయవద్దని నిరుత్సాహపరిచాడు. ఆ జాత్యహంకారం కారణంగానే 2020లో అక్కడి ప్రజా విధానాల స్కూలుకున్న ఆయన పేరు తీసేశారు.

ఈ చరిత్రను వ్యాసంలో పెట్టమని చెప్పడం లేదు, ఒక్క ముక్క కూడా పెట్టకు. నీకు తెలిసి ఉండాలని చెప్పాం. వాళ్లు కూడా తమ పాత లెక్కలు తిరగేసి, తప్పున్న చోట దిద్దుకుంటూ వచ్చినవాళ్లే. అందుకే ఆ ఆదర్శాన్ని పొగిడే వాక్యాలు చదివి వాళ్లు మురిసిపోరు. అది నీ చేతుల్లో ఎలా నడిచిందో చూడాలనుకుంటారు.

మన దగ్గర సేవ అనగానే అన్నదానం, దుప్పట్ల పంపిణీ, అనాథాశ్రమంలో పుట్టినరోజు కేకు గుర్తొస్తాయి. పైనున్నవాడు కిందివాడికి ఇచ్చేదే సేవ అన్న అర్థం మన మనసులో పాతుకుపోయింది. ఆ ప్రశ్నలో సేవ పక్కన ఇంకో మాట ఉంది: పౌర జీవితంలో పాలుపంచుకోవడం. అంటే నలుగురూ కలిసి నడుపుకునే పనిలో నీ వాటా బరువు నువ్వు మోయడం. పదిమంది ఆడవాళ్లు నెలనెలా డబ్బు వేసుకుని, అందులోంచే ఒకరికొకరు అప్పిచ్చుకుని, ఎవరు ఎంత తీర్చారో పుస్తకంలో రాసుకునే పొదుపు సంఘాన్ని మించిన పౌర జీవితం ఏముంటుంది? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు ఉద్యమం లేచింది. మీ అమ్మగారి సంఘం మూలాలు అందులో ఉన్నాయి. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాలు నీకు తెలిసే ఉంటాయి: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఆ అయిదోది నాలుగేళ్లుగా నీ చేతిలో ఉంది. ఏమీ చేయలేదని రాశావు!

ఒక విలువ మన బతుకులో నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి మేము మూడు సంగతులు అడుగుతాం. ఆ పని ఆపేస్తే ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందా? దానికోసం నువ్వు ఏదైనా పోగొట్టుకున్నావా? ఎవరూ చూడని రోజున కూడా చేశావా? అనాథాశ్రమం సర్టిఫికెట్ ఈ మూడింటిలో దేనికీ నిలబడదు. నీ పుస్తకం మూడింటికీ నిలబడుతుంది. నువ్వు రాయకపోతే మీటింగు రోజు లెక్క తెగదు. తప్పు బయటపెట్టినందుకు ఒక నెల అమ్మ మాట పోగొట్టుకున్నావు. పాత పేజీలు తిరగేయమని నీకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ తప్పును దగ్గరగా చూద్దాం. నూటికి నెలకు రూపాయి చొప్పున 20 వేలకు వడ్డీ 200. ఆమె 8 వేలు తీర్చాక మిగిలిన అసలు 12 వేలు, దానికి వడ్డీ 120. అంటే నెలకు 80 ఎక్కువ, ఏడు నెలలకు 560. పాత లెక్క రాసినవాళ్లు దురుద్దేశంతో చేసి ఉండరు. పై నెల వరసలో ఉన్న 200ని చూసి కింది వరసలోకి దించేసి ఉంటారు. జమల గడిలో 8 వేలు పడింది కానీ నిల్వ గడిలో తీసివేత జరగలేదు. చేతిరాత లెడ్జర్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. మినహాయించడం కూడా సులువే: అసలు 12 వేల దగ్గరే ఆగి ఉంటే నాలుగు నెలల వడ్డీ పూర్తిగా వదిలేసి, అయిదో నెలలో 80 తగ్గిస్తే 560 సరిపోతుంది. మీ సంఘం ఎలా సర్దిందో పుస్తకం చూసి కచ్చితంగా రాసుకో.

అయిదొందల అరవై రూపాయలు చిన్న మొత్తమని నీకు అనిపించి ఉంటుంది. వ్యాసంలో ఆ అంకె అలాగే ఉండాలి. డాలర్లలోకి మార్చి, ఇక్కడ అది ఎంత పెద్ద మొత్తమో చూడండి అంటూ జాలి పుట్టించవద్దు. కావాలంటే ఆ పిన్ని ఆదాయంతో పోల్చి ఒక్క ముక్క చెప్పు, ఎన్ని రోజుల కూలో ఆమెనే అడిగి. ఎందుకంటే, చదివేవాళ్లకు మొత్తం కంటే ముఖ్యమైనది ఆ లెక్క తేలాక ఆ గదిలో ఏమైందన్నది.

నీలాంటి పిల్లలు మొదట రాసే చిత్తుప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

‘చిన్నప్పటినుంచీ సమాజసేవ అంటే నాకు ఎంతో ఇష్టం. మా గ్రామంలోని నిరక్షరాస్యులైన పేద మహిళలకు ఆర్థిక అక్షరాస్యత కల్పించి వారి సాధికారతకు కృషి చేశాను. ఈ అనుభవం నాలో నాయకత్వ లక్షణాలను పెంపొందించింది. మానవాళి సేవలో అన్న ప్రిన్స్‌టన్ ఆశయం నా ఆశయమే.’

ఇందులో అబద్ధం పెద్దగా లేదు, కానీ నువ్వు కూడా లేవు. ఈ పేరా కింద ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. పైగా రెండు నష్టాలు జరిగాయి. పదిమంది సొంత డబ్బుతో నడుపుకుంటున్న సంఘాన్ని, నువ్వొచ్చి ఉద్ధరించినట్టు చూపించింది. ఆ సంఘానికి నువ్వు గుమస్తావు, అదే నీ గౌరవం. రెండోది, విలువల పేర్లన్నీ ముందే వల్లించేసి పనిని దాచేసింది.

అదే సంగతిని ఇలా మొదలుపెట్టవచ్చు. ఇది నీ ఉత్తరాన్ని పట్టుకుని నమూనాకు అల్లింది, దీన్ని ఎత్తి రాయకు:

‘అమ్మవాళ్ల సంఘంలో పదిమంది. పుస్తకాలు నాలుగు, రాసేది నేను. ఆ ఆదివారం పాత లెడ్జరు తిరగేస్తుంటే ఒకే అంకె ఏడు నెలలు వరసగా కనబడింది: 200. అసలు 12 వేలకు దిగినా వడ్డీ దిగలేదు. రెండుసార్లు వేసి చూశాను. సంతకం గడిలో అమ్మ సంతకం ఉంది. పుస్తకం మూసేయవచ్చు, ఎవరూ అడగరు.’

చూశావా, ఇందులో నిజాయితీ అన్న మాట లేదు, సేవ అన్న మాట లేదు. అయినా చదివేవాళ్లకు రెండూ అందుతాయి. చివరి వాక్యం దగ్గర నీకు రెండు దారులున్నాయని తెలుస్తుంది. విలువ కనబడేది ఆ చోట్లోనే. దారి ఒక్కటే ఉంటే ఎవరైనా అందులోనే నడుస్తారు కదా.

250 ఇంగ్లిషు మాటలంటే సగం పేజీ. లెక్కగా పంచుకోకపోతే పరిచయానికే అయిపోతుంది. మొదటి 60 మాటల్లో పుస్తకం, గడి, అంకె. సంఘం అంటే ఏమిటో అమెరికా పాఠకుడికి చెప్పడానికి అందులోనే ఒక్క వాక్యం, పదిహేను మాటలు మించకుండా. తరవాతి 90 మాటలు నువ్వు చేసిన పనికి: మీటింగుకు ముందే అమ్మకు చెప్పావా లేక అందరి ముందే చెప్పావా, ఎవరు ఏమన్నారు, లెక్క ఎలా చూపించావు. ఇక్కడ ఒకరి మాట యథాతథంగా పడితే ప్రాణం వస్తుంది. తెలుగు మాటను అలాగే ఉంచి పక్కన అర్థం చెప్పినా ఫరవాలేదు. ఆ తరవాతి 50 మాటలు ఖరీదుకు: అమ్మ మౌనం, నీ తడబాటు. మిగిలిన 50 మాటల్లో ఆ రోజు నుంచి ఏం మారిందో చెప్పు. నిల్వ గడి పక్కన కొత్త గడి గీశావా? నెలనెలా లెక్క పైకి చదివి వినిపిస్తున్నావా? ఏమీ మారకపోతే మారలేదనే రాయి. ఆ 50 మాటల్లోనే చివర ప్రిన్స్‌టన్‌లో ఏం చేస్తావన్నది ఒకటి రెండు వాక్యాలు చాలు. ఆ వాక్యాల్లో అక్కడ నిజంగా ఉన్న ఒక కోర్సునో కార్యక్రమాన్నో పేరు పెట్టి చెప్పాలి. ఉదాహరణకు, డిగ్రీ మొదలవకముందే తొమ్మిది నెలలు వేరే దేశంలో సేవలో గడిపే బ్రిడ్జ్ ఇయర్ అనే కార్యక్రమం 2009 నుంచి ఉంది. అది మొదలైన ఊళ్లలో మన వారణాసి ఒకటి. నీకు నిజంగా ఆసక్తి ఉంటేనే రాయి. కేటలాగు చూసి ఏరుకొచ్చిన పేరు పంటికింద రాయిలా తగులుతుంది.

ఇంగ్లిషు గురించి భయం వద్దు. ముందు తెలుగులో చెప్పు. అవుటింగ్ రోజు ఫోన్లో రికార్డరు పెట్టి, పక్కింటి అక్కకు చెబుతున్నట్టు అయిదు నిమిషాలు మాట్లాడు. విని రాసుకో. అందులో నీకు తెలీకుండానే దొర్లిన చిన్న సంగతులుంటాయి: ఏ రంగు సిరా, ఎవరి అరుగు మీద కూర్చున్నారు, ఎవరు ముందు లేచి వెళ్లిపోయారు. వాటిలో రెండు మూడు ఉంచి ఇంగ్లిషులో రాయి. నిఘంటువు చూసి పెద్ద పదాలు ఎక్కించకు. చిన్న వాక్యాలు, సరైన క్రియలు చాలు. మొదటి ప్రతి 400 మాటలు వస్తుంది. కోసేటప్పుడు ఎప్పుడూ ముందు కొట్టేయాల్సింది మొదటి రెండు వాక్యాలూ చివరి వాక్యమూ. ఉపన్యాసం దూరేది ఆ చోట్లలోనే.

ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది: అమ్మను అడగాలి. ఇది నీ కథే, కానీ ఆమె సంతకం ఉన్న పేజీ. ఏం రాస్తున్నావో తెలుగులో చదివి వినిపించు. ఆమె వద్దంటే ఆ భాగం మార్చు. ఆ పిన్ని పేరు, సంఘం పేరు, ఊరి పేరు ఎలాగూ అక్కర్లేదు. అమ్మను తప్పు చేసినామెగా నిలబెడితే వ్యాసం కూడా చెడిపోతుంది. పదిమంది పెత్తనం మోస్తూ, ఇంటి పనీ పొలం పనీ చూసుకుంటూ, ఇంకొకరు రాసిన లెక్కకు నమ్మి సంతకం పెట్టిన మనిషి ఆమె. మినహాయింపుకు ఒప్పుకున్నదీ ఆమే అయితే ఆ ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి. మొత్తం వ్యాసంలో అందరికంటే పెద్ద పని చేసింది ఆమే అవుతుంది. అందులో నీకు నష్టం లేదు.

ఇదే ముడిసరుకు వేరే విశ్వవిద్యాలయాలకూ పనికొస్తుంది, కానీ మూస మార్చకుండా పంపితే దొరికిపోతావు. ఒక్కో చోట ఒక్కో విలువ ముందుంటుంది. 1842లో అగస్టీనియన్ సన్యాసులు పెట్టిన విలనోవా వాళ్ల ఆదర్శం సత్యం, ఐకమత్యం, ప్రేమ. అక్కడికైతే తప్పు తేలాక కూడా సంఘం విడిపోకుండా ఎలా నిలబడిందన్నది ముందుకు రావాలి. టెక్సాస్ ఎ అండ్ ఎం ఆరు విలువలు చెబుతుంది: గౌరవం, శ్రేష్ఠత, నాయకత్వం, విధేయత, నిజాయితీ, నిస్వార్థ సేవ. నీ కథలో అమ్మ పట్ల విధేయత ఒకవైపు, లెక్క పట్ల నిజాయితీ ఇంకోవైపు లాగాయి. ఆ ఘర్షణ ఒక్కటి చెప్పినా చాలు, ఆరూ నాలో ఉన్నాయని జాబితా చదవనక్కర్లేదు. ఎంఐటీ ఆదర్శం మేధ, చెయ్యి. అక్కడికి తప్పు మళ్లీ పడకుండా లెడ్జరులో నువ్వు చేసిన ఏర్పాటు గురించి రాయాలి, చేసి ఉంటేనే. ఇక్కడే, బెంగళూరులో, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. న్యాయమైన, సమానమైన, మానవీయమైన, నిలకడైన సమాజం తమ లక్ష్యమని చెప్పుకుంటుంది, రాత పరీక్ష తరవాత ఇంటర్వ్యూ చేస్తుంది. దాన్ని కూడా నీ జాబితాలో పెట్టుకోమని మా సలహా. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెబితే, రూపాయి వడ్డీ సంవత్సరానికి ఎంత శాతమని అడిగినా అడుగుతారు. పన్నెండు అని వెంటనే చెప్పగలగాలి. బ్యాంకు అప్పుకూ సంఘం అంతర్గత అప్పుకూ తేడా, గుంపులో ఒకరు కట్టకపోతే ఏం చేస్తారన్నది కూడా తెలిసి ఉండాలి. కల్పించుకుని రాసినవాళ్లు ఆగిపోయేది ఇలాంటి రెండో ప్రశ్న దగ్గరే.

విలువ కనబడాల్సిన చోటు వ్యాసం ఒక్కటే కాదు. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలకు ఒకేచోట దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైటు కామన్ యాప్. అందులో యాక్టివిటీస్ జాబితా ఉంటుంది, పది గడులు. చాలామంది మన పిల్లలు అందులో ఒలింపియాడ్లు, ర్యాంకులు నింపి ఇంటి పనులు వదిలేస్తారు. కుటుంబ బాధ్యతలు అని అందులో ఒక విభాగమే ఉంది. వివరణకు 150 అక్షరాలే ఇస్తారు, మాటలు కాదు, ఖాళీలతో సహా అక్షరాలు. కాబట్టి ‘పది మంది సభ్యుల పొదుపు సంఘానికి నాలుగు పుస్తకాలు, ఏడు నెలల వడ్డీ తప్పు పట్టుకుని సరిచేయడం’ అన్నట్టు పని, అంకె, ఫలితం మాత్రమే పెట్టు. గంటల దగ్గర నిజం చెప్పు. నెలకోసారి ఇంటికెళ్లి నాలుగు గంటలు కూర్చుంటే, వారానికి 4 గంటలు, ఏడాదికి 12 వారాలు అని వేయాలి. నాలుగు గంటలు, 52 వారాలు అని వేస్తే 48 గంటల పని 208 అయిపోతుంది, హాస్టల్లో ఉంటున్నావని ఇంకోచోట రాసి ఉంటుంది, రెండూ పొసగవు. తొమ్మిది, పది తరగతుల్లో ఎక్కువ చేశావు కదా, రెండిటికీ కలిపి ఒకే అంకె వేయాల్సి వస్తే తక్కువదే వెయ్యి. తమ్ముణ్ణో చెల్లెల్నో చదివించడం, తాతగారికి మందులివ్వడం, సెలవుల్లో పొలం పని, ఇవన్నీ కూడా రాయదగ్గవే.

సిఫారసు లేఖల దగ్గర మన కాలేజీల్లో ఒక చిక్కుంది. ‘నువ్వే రాసుకొచ్చెయ్యమ్మా, సంతకం పెడతాను’ అంటారు లెక్చరర్లు. వాళ్ల తప్పు కాదు, ఒక్కొక్కరికి వందల మంది పిల్లలు. అయితే నువ్వే రాస్తే లేఖలూ వ్యాసాలూ ఒకే గొంతులో వస్తాయి, పైగా అది మోసం కిందికే వస్తుంది. దానికి బదులు ఒక పేజీ నోటు రాసివ్వు: ఆయన క్లాసులో జరిగిన రెండు సంగతులు, తేదీతో సహా. పేపరు దిద్దాక మార్కులు ఎక్కువ పడ్డాయని నువ్వే వెనక్కి తెచ్చావా? డౌటు సెషన్లో ఎవరికైనా లెక్క నేర్పావా? ఫిజిక్స్ సారు నీ గురించి ఆలోచించే మనిషి, ఆయన్నే మొదట అడుగు. పొదుపు పుస్తకం సంగతి ఆయనకు చెప్పొచ్చు, కానీ ఆయన తన కళ్లతో చూసిందే రాయాలి. లేఖ పంపడానికి, కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఉంటే అదే వాడమను. ప్రిన్స్‌టన్ ఇంకొకటి కూడా అడుగుతుంది: మార్కులు వేసిన ఒక రాతపని, ఇంగ్లిషులోనో చరిత్ర, సాంఘిక శాస్త్రాల్లోనో అయితే మంచిది. ఎంపీసీలో అలాంటిది దొరకదు. ఇంగ్లిషు లెక్చరరును ఇప్పుడే అడిగి, ఒక అంశం ఇప్పించుకుని, రెండు పేజీలు రాసి, వ్యాఖ్యలతో మార్కులు వేయించుకో.

ఇక 45 వేల సంగతి. నాన్నగారు చెడు తలపుతో అనలేదు, కూతురికి ఏదో తక్కువైందన్న భయంతో అన్నారు. కానీ దరఖాస్తు చివర నువ్వు ఒక ప్రకటన మీద సంతకం చేస్తావు: ఇందులోదంతా నిజం, వ్యాసాలు నా సొంతం అని. అబద్ధమని తేలితే సీటు వచ్చాక కూడా రద్దు చేయవచ్చు, చేరాక కూడా బయటికి పంపవచ్చు. యంత్రం చేత రాయించిన వ్యాసాన్ని సొంతమని పంపడం కూడా కామన్ యాప్ నిబంధనల్లో మోసంగానే లెక్క. అచ్చుతప్పులు చూపించమని అడగడం వేరు, రాసిపెట్టమనడం వేరు. నాన్నగారికి ఇంకో సంగతి చెప్పు: ప్రిన్స్‌టన్ విదేశీ విద్యార్థుల విషయంలో కూడా కుటుంబం ఎంత కట్టుకోగలదన్నది చూడకుండానే ఎంపిక చేస్తుంది, ఎంపికైతే అవసరమైనంత సాయం అప్పుగా కాకుండా గ్రాంటుగా ఇస్తుంది. దరఖాస్తు రుసుము కట్టలేని కుటుంబాలకు దానిలోనూ మినహాయింపు ఉంది. కన్సల్టెన్సీకి డబ్బు కట్టాల్సిన మెట్టు ఈ దారిలో ఎక్కడా లేదు. ఇంకోవైపు, నూటికి అయిదారుగురికి మించి సీటు రాని చోటది. వ్యాసం బాగున్నా రాకపోవచ్చు. జేఈఈ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) తయారీ ఆపకు.

ప్రిన్స్‌టన్ దరఖాస్తులో పెద్ద ప్రశ్న, 500 మాటలది, ఇంకొకటుంది: భిన్నమైన అభిప్రాయాలున్నవాళ్లతో గౌరవంగా మాట్లాడటం గురించి, నీ అనుభవాలు తోటివాళ్లకు ఏం నేర్పుతాయన్నదాని గురించి. దానికి పొదుపు పుస్తకం మళ్లీ వాడకు. హాస్టలు గదిలో నీతో ఏకీభవించని అమ్మాయి ఎవరో ఒకరుంటారు. ఆమెతో ఏ విషయంలో వాదించావు, ఆమె మాటల్లో ఏది నిజమని తరవాత ఒప్పుకున్నావు, అక్కడ మొదలుపెట్టు.

తేదీలు చూసుకుంటే, కామన్ యాప్ ప్రతి ఆగస్టు 1న కొత్తగా తెరుచుకుంటుంది. ప్రశ్నల మాటలు ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి అప్పుడు మళ్లీ చదువుకో. ప్రిన్స్‌టన్ మామూలు గడువు జనవరి 1. ఆ నెలలోనే జేఈఈ మెయిన్ మొదటి విడత, ఆ వెంటనే ప్రాక్టికల్స్. డిసెంబరు చివర్లో కూర్చుందామనుకుంటే రెండూ చెడతాయి. దసరా సెలవుల్లో మొదటి ప్రతి, దీపావళికి రెండోది, నవంబరు అవుటింగ్‌లో అమ్మకు చదివి వినిపించడం, అలా పెట్టుకో.

అన్నిటికంటే ముందు, వచ్చే నెల ఇంటికెళ్లగానే ఆ పాత లెడ్జరు తీసి ఆ ఏడు నెలల పేజీలకూ ఫోటో తీసుకో, ఇంకెవరి వరసా పడకుండా చూసుకుని. ఏ నెలలో 8 వేలు జమైందో, ఏ తేదీ మీటింగులో నువ్వు లేచి చెప్పావో, మినహాయింపు ఏ నెలనుంచి మొదలైందో నోటు పుస్తకంలో రాసి పెట్టుకో. వ్యాసం ఎన్నిసార్లు దిద్దినా ఆ మూడు తేదీలు మారకూడదు.